మునిగిన చిల్లర: మైనం మీద బొటనవేలు

నాణెం ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, అది ఏ నీళ్ళలో పడుకుని లేచిందో, ఎంత లోతున పడుకుందో నేను ఇట్టే చెప్పేస్తాను. ఇవి కోతలు కావు. ఒకసారి ఒకాయన తెచ్చిన రాగి నాణెం వాసన చూసి, "దీన్ని దారిలో ఒక చేప మింగిందండీ, ఆడచేప, అప్పటికి కడుపుతో ఉంది" అన్నాను. ఆయన తెల్లబోయి, మంచినీళ్ళు అడిగి పుచ్చుకుని, నాకు దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు. మా పల్లెటూరి బడిలో నాకు లెక్కలూ రాలేదు, భూగోళమూ రాలేదు. ముక్కు ఒక్కటే మొదటి శ్రేణిలో పాసయింది.

ముక్కు సంగతి అలా ఉంచి, పోయిన సంచికలో కథ ఎక్కడ ఆగిందో చెబుతాను. ఇవాళే కొత్తగా ఈ పేజీ తెరిచినవాళ్ళు కూడా కంగారు పడనక్కర్లేదు, పీట వేసుకుని కూర్చోండి.

మా అల్లుడికి పాత నాణేల కొట్టు ఉంది. మాట కూడా తూచి వదులుతాడని వీధిలో అందరూ అతన్ని కాటా అంటారు. పగలంతా నేను ఆ కొట్లోనే ఉంటాను. మామగారిని కొట్లో కూర్చోబెట్టుకోవడం అల్లుడికి మర్యాద, ఇంట్లో లేకుండా చేసుకోవడం మా అమ్మాయికి సుఖం. నాకంటూ ఒక ఇనప కుర్చీ ఉంది. దాని వెనక కాలు ఒకటి ఎప్పుడో విరిగి పొట్టిదైపోతే, మా అల్లుడే దాని కింద ఏదో అడ్డం పెట్టి సరిచేశాడు. ఆ కుర్చీలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకి నాణేల కథలు చెప్పడమే నా ఉద్యోగం. జీతం రెండు పూటల టీ.

చాలా ఏళ్ళ కిందట, మన రేవు నుంచి సముద్రపు పాయ దాటి అవతలి ఒడ్డుకి పోయే లాంచీ ఒకటి పొద్దుటి మంచులో రాయికి గుద్దుకుని మునిగిపోయింది. మనుషులు పోయారు. వాళ్ళతోపాటు చిల్లర పెట్టె కూడా పోయింది. అవతలి ఒడ్డున టికెట్లమ్మే కిటికీకి రోజూ ఇక్కడి నుంచే కొత్త చిల్లర వెళ్ళేది. మొన్నామధ్య గజ ఈతగాళ్ళు ఆ పెట్టెని పైకి తీశారు. మా అల్లుడు వేలంలో పాడుకున్నాడు. ఒక్కో నాణేన్నీ నల్ల ముఖమల్ పరిచిన బుల్లి డబ్బాలో పడుకోబెట్టి, "మునిగిన లాంచీ నాణెం" అని బంగారు అక్షరాల అట్టముక్క జతచేసి అమ్మసాగాడు. అదే ఏడాది, అదే అచ్చులో పుట్టిన దాని తోబుట్టువు పక్క సొరుగులో టీ ఖరీదుకి దొరుకుతుంది. మునిగినదానికి మాత్రం మోటారు సైకిలు ఖరీదు.

అలా కొన్నవాళ్ళలో కళ్ళద్దాలావిడ ఒకరు. రెండు వీధుల అవతల ఆమెకి కళ్ళద్దాల దుకాణం ఉంది. కొన్న వారానికే తిరిగొచ్చింది. డబ్బా మూత తీసి, ఉప్పు తిని నల్లగా గుంటలు పడిన ఆ నాణేన్ని మా అల్లుడి ముందు పెట్టి, "మా నాన్న చేతి మీదుగా వెళ్ళిన చిల్లర ఇలా ఉండదు" అంది. సరిగ్గా అక్కడ ఆపాను. నన్ను తిడుతూ ఉత్తరాలు వచ్చాయట. చాలా సంతోషం.

ఇక చదవండి.

మా అల్లుడు ఆ నాణెం వైపు చూడలేదు. కౌంటరు మీద దుమ్ము లేని చోట దుమ్ము తుడిచాడు.

"మీ నాన్నగారంటే..." అన్నాడు.

"ఆ లాంచీలో టికెట్ల గుమాస్తా. చిల్లర పెట్టె ఆయన చేతిలోనే ఉండేది."

మా అల్లుడు తుడిచే గుడ్డని కౌంటరు కింద పెట్టేశాడు.

"కొన్నప్పుడు ఆ ముక్క చెప్పలేదేమమ్మా?" అన్నాను నేను.

"చెబితే ధర తగ్గించేవారా బాబాయిగారూ, పెంచేవారా?"

పెంచేవాడు. నాకు తెలుసు, మా అల్లుడికీ తెలుసు. గుమాస్తా కూతురు స్వయంగా కొన్న నాణెం అని నేనే ఇంకో కథ అల్లి, తర్వాత వచ్చినవాడికి వినిపించి ఉండేవాణ్ణి.

ఇలా ఇరుక్కున్నప్పుడు నవ్వించి బయటపడటం నా అలవాటు. "అసలు ఇది ఆ నీళ్ళదో కాదో తేల్చడం ఎంతసేపమ్మా, ఇలా ఇవ్వు, నా ముక్కు చెబుతుంది" అన్నాను. ఆమె నా మొహంలోకి ఒక క్షణం చూసి, చేతిసంచిలోంచి ఒక నాణెం తీసి నా అరచేతిలో పెట్టింది. నేను దానివైపు చూడనైనా చూడకుండా కళ్ళు మూసుకుని దీర్ఘంగా పీల్చాను. "ఆహా. పది నిలువుల లోతు. అడుగున నాచు. చలికాలం మునిగింది" అన్నాను.

"ఇందాక కారు నిలిపే చోట కాపలా అతను తిరిగిచ్చిన చిల్లర బాబాయిగారూ అది."

కనుక పాఠకులారా, పైన నా ముక్కు గురించి రాసిన పేరా మొత్తం కొట్టేసుకోండి. కడుపుతో ఉన్న ఆడచేపని కూడా నీళ్ళలో వదిలేయండి, పాపం పిల్లల్ని పెట్టుకుంటుంది. నాకు జలుబు చేసినా చెయ్యకపోయినా ఇనుముకీ ఇంగువకీ తేడా తెలియదు.

ఆమె నవ్వలేదు. మా అల్లుడూ నవ్వలేదు. నేను నవ్విన నవ్వు ఒక్కటీ కొట్లో ఎటు పోవాలో తెలియక కాసేపు తిరిగి ఆగిపోయింది.

"మీరు కూర్చోండమ్మా" అన్నాడు మా అల్లుడు.

"అమ్మ కార్లో ఉంది. ఎక్కువసేపు ఉండను. లోపలికి రమ్మంటే రానంది. ఆ నీళ్ళలోంచి వచ్చినదేదీ తను చూడనంది. చూడనన్న మనిషి ఇంట్లో ఉండొచ్చు కదా, నాతో వస్తానంది. వచ్చి కార్లో కూర్చుంది."

గాజు తలుపులోంచి నేను చూశాను. వీధికి అవతల ఆగిన కారులో వెనక సీట్లో ఒక ముసలావిడ, మా కొట్టు వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది. తెల్లటి జుట్టు ముడి మాత్రం కనిపిస్తోంది.

"మీకు ఒకటి చెప్పాలి" అంది కళ్ళద్దాలావిడ. "మా ఇల్లు రేవులోనే. ఉప్పుగాలికి ఏది పెట్టినా చిలుమెక్కేది. రెండు రోజులకే చిల్లర పచ్చబడిందని అవతలి కిటికీవాళ్ళు సణిగేవారట. అందుకని నాన్న ఒక పద్ధతి పెట్టుకున్నాడు. నాణేలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, నూనె గుడ్డలో చుట్టి, కరిగిన మైనంలో ముంచి తీసేవాడు. గుడ్డ అంచు దగ్గర మైనం వేడి చల్లారకముందే బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కేవాడు. అంతే, గాలి కూడా దూరేది కాదు. ఎవరూ చెయ్యమనలేదు. ఆఫీసువాళ్ళు నవ్వేవారట, చిల్లరకి పెళ్ళికొడుకు అలంకారమేమిటని."

మా అల్లుడు తల వంచుకున్నాడు.

"మైనంలో ఉన్న నాణేన్ని ఉప్పు ఎలా తిందో నాకు అర్థం కాలేదండీ. అందుకని వచ్చాను. ఇది వేరే ఎక్కడిదో అయితే చెప్పేయండి. గొడవ చెయ్యను. పోలీసు దగ్గరికి వెళ్ళను. నాకు తెలియాలి, అంతే."

దొంగ నాణెం అని ఒప్పేసుకుంటే ఆమె వెళ్ళిపోయేది. డబ్బు తిరిగిచ్చి, తలుపు తీసి పట్టుకుంటే సరిపోయేది. ఆ అవకాశం మా అల్లుడి ముందు వడ్డించిన విస్తరిలా ఉంది. నేనైతే తినేసేవాణ్ణి.

"ఇది ఆ పెట్టెలోదేనమ్మా" అన్నాడు అతను. "ఒట్టు. పెట్టెలోదే."

"మరి?"

"పెట్టె తెరిచినప్పుడు నాణేలన్నీ చుట్టలు చుట్టలుగా ఉన్నాయి. మీరు చెప్పినట్టే, మైనంలో. ఒకటి విప్పాను. లోపల నాణేలు నిన్న బ్యాంకులోంచి తెచ్చినట్టు మెరుస్తున్నాయి. మొదట సంబరపడ్డాను. బయట పెట్టాను. చూసినవాళ్ళంతా నవ్వారు. ఇన్నేళ్ళు సముద్రంలో ఉన్నది ఇలా ఉంటుందా, మాకు చెవిలో పువ్వులు పెడతావా అన్నారు. నా పాత ఖాతాదారే ఒకాయన, కాటా కూడా కల్తీ మొదలెట్టాడోయ్ అన్నాడు వీధిలో నిలబడి."

"అప్పుడు?"

"ఉప్పునీళ్ళు, వెనిగరు కలిపి గాజు సీసాల్లో పోశాను. చుట్టలు విప్పి నాణేలు అందులో వేశాను."

కళ్ళద్దాలావిడ ఆ నల్ల నాణేన్ని తిరగేసి చూసింది.

"పది రోజులకి వాటికి రూపం వచ్చింది" అన్నాడు. ఆ మాట అతని నోట్లో ముల్లులా అడ్డం పడింది. "అంటే, జనం అనుకునే రూపం. అప్పట్నుంచి ఒక్కరూ బేరం కూడా ఆడలేదు."

నేను నా జీవితంలో అబద్ధానికి నిజం చొక్కా తొడిగి ఊరేగించినవాళ్ళని చాలామందిని చూశాను, అద్దంలో రోజూ ఒకణ్ణి చూస్తాను. నిజం చేత దొంగవేషం కట్టించినవాణ్ణి మాత్రం మా అల్లుణ్ణే చూశాను. ఆ సీసాలు మా వంటింటి గట్టు మీదే ఉండేవి. పచ్చళ్ళేమో అనుకుని నేను మూత కూడా తీశాను. తెలిసింది, నోరు మూసుకున్నాను. కొట్లో కూర్చుని, "ఈ గుంట చూశారా, ఇది సముద్రం పంటిగాటు" అని కథ చెప్పినవాణ్ణీ నేనే.

"ఇంత ధర దేనికి పెట్టారు?" ఆమె నెమ్మదిగా అడిగింది. "నాణెం వెండి కాదు, బంగారం కాదు. పక్క సొరుగులో ఇదే ఉంది. నేను కొనేటప్పుడు కూడా చూశాను."

మా అల్లుడు ఈ ప్రశ్నకి రోజూ చెప్పే జవాబొకటి ఉంది. ఖాతాదార్లకి చాలా నచ్చే జవాబు. అలవాటు మీద అదే వచ్చేసింది. "ధర నాణేనిది కాదమ్మా. కథది."

"కథ ఎవరిదండీ?"

అతను డబ్బాలోని బంగారు అక్షరాల అట్టముక్కని బోర్లించాడు.

"మునిగింది మా నాన్న. తెల్లారేసరికి ఇల్లు ఖాళీ అయింది మాది. కథ మాదైతే ధర మీకెలా వచ్చింది? అది మేము మీకెప్పుడు అమ్మాం?"

గొంతు పెంచలేదు. కళ్ళద్దాలు సరిచేసేటప్పుడు కొట్టువాళ్ళు అడుగుతారే, ఇలా చూస్తే స్పష్టంగా ఉందా, అలా చూస్తే ఉందా అని, అచ్చం అలాగే అడిగింది. కొనుక్కున్న ప్రతివాడి బీరువాలో ఉప్పు మేసిన నాణెం ఒకటుంది. దాన్ని పట్టుకుని వాళ్ళు భోజనాల తర్వాత చుట్టాలకి చూపిస్తారు, పాపం ఎంతమంది పోయారో అంటారు, మూత వేస్తారు. ధర ఆ రెండు నిమిషాలది. ఈవిడకి ఆ రెండు నిమిషాలు పసితనం నుంచీ అవుతూనే ఉన్నాయి.

"డబ్బు వెనక్కి ఇస్తాను" అన్నాడు మా అల్లుడు.

"డబ్బు కాదు. మైనం ఏం చేశారు?"

"ఏమిటమ్మా?"

"చుట్టలు విప్పారు కదా. ఆ మైనం పెచ్చులు. నాన్న వేలు పడిన చోటు ఒక్కోదాని మీదా ఉండాలి. ఫొటోలో ఆయన మొహం సగం ఎండకి పోయింది. గొంతు నాకు గుర్తులేదు. ఆయనది అనేదేదీ ఇంట్లో లేదు. నాణెం ఎవరిచేతి నుంచైనా వెళ్తుందండీ. మైనం మీద నొక్కు మాత్రం ఆయనదే. అందుకే నాణెం కొన్నాను, దాన్ని పట్టుకుని వస్తే మైనం సంగతి అడగొచ్చని. అడగడానికి ఒక వారం పట్టింది ధైర్యం."

మా అల్లుడు తల ఎత్తి గుమ్మం వైపు చూశాడు. నేనూ అటే చూశాను. చూడకుండా ఉండాల్సింది.

కొట్టు షట్టరు పాతది. పొద్దున్నే ఎత్తితే వీధి చివరి దాకా కుక్కలన్నీ లేచి సమాధానం చెప్పేవి. పక్క చెప్పుల కొట్టతను చేతులు జోడించి, కొత్త షట్టరు వేయించండి మహాప్రభో అనేవాడు. ఈమధ్య అది నోరెత్తడం లేదు. వెన్నలో వేలు దిగినట్టు జారుతోంది.

"పనికిరాదనుకున్నామమ్మా" అన్నాడు మా అల్లుడు. "పెచ్చులన్నీ ఒక డబ్బాలో వేసి పెట్టాను. షట్టరు కిర్రుమంటోందని..."

"నేనే రుద్దానమ్మా" అన్నాను. తప్పు అల్లుడి మీదికి పోనివ్వడం ఇష్టం లేక కాదు, అది నిజం గనక. రెండు వైపులా పట్టాలకి, పైనుంచి కింది దాకా, స్టూలు వేసుకుని నేనే రుద్దాను. పాట కూడా పాడుకున్నాను.

ఆమె కదిలింది. గుమ్మం దగ్గరికి వెళ్ళి, షట్టరు జారే ఇనప పట్టాలో చూపుడువేలు పెట్టి పైనుంచి కిందికి మెల్లగా రాసింది. తీసి చూసుకుంది. మైనం, దుమ్ము, ఇనప చిలుము కలిసిన నల్లటి జిగురు. ముక్కు దగ్గర పెట్టుకుంది. నాలాగా నాటకం ఆడటానికి కాదు. మా అల్లుడు చెయ్యి తుడుచుకోమని గుడ్డ అందించాడు. తీసుకోలేదు.

"ఒక్కటీ మిగల్లేదా?" అంది వెనక్కి తిరగకుండా.

మా అల్లుడు నా వైపు చూశాడు. నేను గోడ గడియారం వైపు చూశాను. కుర్చీలోంచి లేవలేదు. మోకాళ్ళ నొప్పులు, ఈ వయసులో అలాగే ఉంటాయి.

"ఒకటి ఉంది" అన్నాడు. "విప్పలేదు. మనసొప్పలేదు."

లోపలి గదిలో ఇనప్పెట్టె తెరిచాడు. తెల్లటి దూదిలో పొదిగి పెట్టిన చుట్టని రెండు చేతులతో తెచ్చి ఆమె ముందు పెట్టాడు. నాలుగు వేళ్ళంత పొడుగు. మైనం పాతబడి తేనె రంగు తిరిగింది. అంచు వెంట గుడ్డ మడత కనబడుతోంది. మడత చివర ఒక చిన్న గుంట.

కళ్ళద్దాలావిడ సంచిలోంచి తను పనిలో వాడే బుల్లి భూతద్దం తీసి కంటికి పెట్టుకుంది. గుంట మీదికి వంగింది. వంగినదల్లా అలాగే ఉండిపోయింది.

"ఏమ్మా?" అన్నాను.

"ఇది నాన్నది కాదు."

మా అల్లుడి మొహం పాలిపోయింది. "ఒట్టు అమ్మా, పెట్టెలోదే, నేనేమీ..."

"మీరు కాదండీ." ఆమె తన బొటనవేలు ఆ గుంటలో పెట్టబోయింది. పట్టలేదు. చిటికెన వేలి కొస మాత్రమే పట్టింది. "ఇది చిన్నపిల్లది. గీతలు చూడండి, ఎంత సన్నగా ఉన్నాయో. ఇది నాది."

అప్పుడు కూర్చుంది. ఇందాకట్నుంచీ కూర్చోమంటే కూర్చోని మనిషి, కాళ్ళకింద నేల లాగేసినట్టు కూర్చుంది.

"ఐదేళ్ళుంటాయి నాకు. నేను నొక్కుతానని పేచీ పెట్టేదాన్ని. వేడిగా ఉంటుంది, వద్దే అనేవాడు నాన్న. లాంచీ మునిగిన పొద్దున సరేనన్నాడు, నా పోరు పడలేక. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఊఁ, నొక్కు అన్నాడు. నొక్కాను. కాలింది. ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాను. వేలు నీళ్ళలో ముంచాడు, ఊదాడు, ఎత్తుకుని వసారాలో తిప్పాడు. నేను మెడ పట్టుకుని వదల్లేదు."

భూతద్దం సంచిలో వేసుకుని మళ్ళీ చెప్పింది.

"రోజూ ఆయన వెళ్ళేది మొదటి లాంచీలో. ఆ రోజు వెళ్ళింది రెండో దాంట్లో. మొదటిది క్షేమంగా అవతలి ఒడ్డుకి చేరిందండీ. అందులో ఎక్కినవాళ్ళు ఇప్పటికీ బజార్లో కనిపిస్తారు. ఒకాయనకి నేనే కళ్ళద్దాలు చేశాను. కొలత తీస్తున్నంతసేపూ ఒకటే అనుకున్నాను. నేను ఏడవకపోతే మా నాన్న కూడా ఇప్పుడు ఇలా కళ్ళద్దాలకి వచ్చేవాడు కదా అని."

"పసిపిల్లవమ్మా నువ్వు" అన్నాడు మా అల్లుడు. అతను ఖాతాదార్లని నువ్వు అనడం నేనెప్పుడూ వినలేదు.

"ఆ మాట నాకూ తెలుసు. ఎవరికి చెప్పినా అదే అంటారు. అందుకే ఎవరికీ చెప్పలేదు. అమ్మని కూడా అడగలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఇన్నేళ్ళున్నాం, ఆ పొద్దుటి మాట ఒక్కటీ ఎత్తలేదు. తను ఎత్తకపోవడం నా మీద దయ అనుకున్నాను. నేను అడిగితే, అవునే, నీవల్లే అంటుందేమో. అనకపోతే, మనసులో అనుకుంటోందేమో. నిజానికి నాన్న వేలుగుర్తు కావాలనే వచ్చాను. నాదే దొరికింది. చూశారా, ఎంత బాగా దాచిపెట్టిందో సముద్రం."

కాసేపటికి మొహం తుడుచుకుని మామూలు గొంతుతో, "దీని ధర ఎంత?" అంది.

"తీసుకెళ్ళమ్మా. నాకేమీ వద్దు."

"ఊరికే ఇస్తే మీ మనసు తేలికపడుతుంది. అందుకే ఊరికే తీసుకోను." ఉప్పు తిన్న నాణేన్ని మా అల్లుడి వైపు జరిపింది. "దీనికి అది చెల్లు. ఇది మీ దగ్గరే ఉంచుకోండి. అమ్మకండి. రోజూ కనబడేచోట పెట్టుకోండి."

కాటా అనే మనిషి ఆ నాణేన్ని తీసుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, చొక్కా జేబులో వేసుకున్నాడు. అది అక్కడే ఉంది ఇప్పటికీ. చొక్కా మార్చినప్పుడల్లా అదీ మారుతుంది. మా అమ్మాయి ఉతకడానికి వేస్తూ రోజూ తిడుతుంది.

ఆమె చుట్ట పట్టుకుని వీధి దాటింది. మా అల్లుడు వెంట వెళ్ళాడు. నేను గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాను, అంత దూరానికి నాకు అందనివి తర్వాత అల్లుడు చెప్పాడు. కారు అద్దం కిందికి దిగింది. ముసలావిడ చూడనన్న మనిషి, చూడలేదు కూడా. కళ్ళు ఎదురుగా పెట్టుకునే చెయ్యి చాపింది. కూతురు చుట్టని ఆ చేతిలో పెట్టింది. ఆవిడ గోరు మైనం మీద పాకుతూ పాకుతూ, వెతక్కుండానే ఆ గుంట దగ్గరికి వెళ్ళి ఆగింది.

"అమ్మా, ఒకటి అడుగుతాను" అంది కూతురు. కారు కిటికీకి అంటుకుపోయి, ఐదేళ్ళ పిల్లలాగే. "ఆ పొద్దున నేను ఏడవకపోతే నాన్న మొదటి లాంచీకి వెళ్ళేవాడు కదా?"

ముసలావిడ మొదటిసారి తల తిప్పి కూతుర్ని చూసింది. చాలా ఆశ్చర్యంగా చూసింది.

"నువ్వా? నీవల్లా? పిచ్చిదానా, ఇన్నేళ్ళూ అదా నువ్వు మోస్తున్నది? నువ్వు వేలు కాల్చుకునేసరికే మొదటి లాంచీ రేవు దాటి వెళ్ళిపోయింది. ఆయనకి తెలియదు, అంతే. ఇంకా టైముంది అనుకున్నాడు. నిన్ను వసారాలో తిప్పుతూ గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. ఇంకా టైముందే తల్లీ, ఏడవకు అంటూనే ఉన్నాడు."

"ఎందుకు తెలియదు? గడియారం చూస్తూ..."

"ఆ గడియారం ముల్లు నేను వెనక్కి తిప్పాను. ముందు రోజు సాయంత్రం. కావాలనే తిప్పాను."

మా అల్లుడు ఒక అడుగు వెనక్కి వేశాడు, వినకూడనిది విన్నట్టు. ముసలావిడ చుట్టని ఒళ్ళో పెట్టుకుని, "బండి ఎక్కు. ఎందుకు తిప్పానో ఇక్కడ వీధిలో చెప్పేది కాదు. ఆ రేవుకి పోనీ" అంది.

పత్రికవాళ్ళు నాకిచ్చిన జాగా దాదాపు అయిపోయింది, గడియారం ముల్లు సంగతి వచ్చే సంచికకి. ఒక్క మాట మిగిలింది. దాన్ని మీరు ఉత్తరం రాసి పట్టుకునేలోగా నేనే చెప్పేయడం నయం.

పైన నేను రాసినదాంట్లో ఇనప్పెట్టె, తెల్లటి దూది, "మనసొప్పలేదు" అన్న మాట, ఆ మూడూ నేను కల్పించినవి. అల్లుణ్ణి కాస్త మంచివాణ్ణి చేద్దామనిపించింది. ఆ ఆఖరి చుట్ట ఇనప్పెట్టెలో లేదు. నాలుగు వేళ్ళ పొడుగు సరిగ్గా సరిపోయిందని, నా కుర్చీ పొట్టి కాలు కింద ఉండేది. ఒక్కటీ మిగల్లేదా అని ఆమె అడిగినప్పుడు మా అల్లుడు నా వైపు చూసింది అందుకే. నేను లేవకపోవడానికి మోకాళ్ళు కారణం కాదు. లేస్తే అది బయటపడుతుంది. ఆమె రెండోసారి అడిగింది. అప్పుడు లేచాను.

ఆ కుర్చీ ఇప్పుడు కూర్చుంటే ఒక పక్కకి ఒరుగుతుంది. దాని కింద ఇంకేమీ పెట్టనివ్వలేదు నేను.